గెడ్డ దాకా రాని కాలువ

వాన మొదలైతే చాలామందికి వేడి పకోడీలు గుర్తొస్తాయి. నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద కోపమని ఇంట్లోవాళ్లు అడుగుతారు. చెప్పాలంటే పెద్ద జాబితాయే ఉంది. అందులో నేనూ ఉన్నాను, అయితే మొదట ఉండాలో చివర ఉండాలో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

అప్పట్లో మేముండేది కంచరపాలెంలో, రైలు కట్టను ఆనుకున్న పల్లపు వీధిలో. వీధి చివర కట్ట, కట్ట కింద ఒక తూము, తూము అవతల గెడ్డ, అంటే వాగు. కురిసిన నీళ్లన్నీ చివరికి ఆ గెడ్డలో పడి సముద్రానికి పోవాలి. మా వీధికి ఎగువనున్న కొండవాలు నా చిన్నప్పుడు జీడితోటలు, సరుగుడు చెట్లు. పడ్డ వానలో సగం అక్కడే ఇంకిపోయేది. ఉక్కు కర్మాగారం వస్తుందని ఖాయమయ్యాక, డెబ్భైలలో, ఆ వాలంతా ప్లాట్లయింది. మేడలు లేచాయి, సిమెంటు వాకిళ్లు, తారు రోడ్లు పడ్డాయి. నీళ్లు ఇంకడానికి జాగా లేక దిగువకి, అంటే మా నెత్తి మీదికి, రావడం మొదలెట్టాయి.

మా నాన్న పోర్టులో కళాసీ. ఏటా రెండుసార్లు ఇంటిపన్ను తప్పకుండా కట్టేవాడు. ఆ నోటీసులో డ్రైనేజీ పన్ను అని విడిగా ఒక వరస ఉండేది. మా వీధిలో డ్రైనేజీ లేదు. లేని కాలువకి పన్నెందుకని ఎవరూ అడగలేదు. అడగొచ్చని కూడా మాకు తెలియదు.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఊళ్లో రోడ్లూ కాలువలూ చూసే ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. ఇంజినీర్లు వేసిన ప్లాన్‌ను పల్చటి ట్రేసింగు కాగితం మీద ఇంకుతో దింపడం, దానినుంచి ప్రింట్లు తీయించడం నా పని. అదీ టెంపరరీ ఉద్యోగం. వీధివాళ్లకి మాత్రం నేనే ఇంజినీర్ని. గుంతలో లారీ దిగబడినా, వీధి కుళాయిలో నీళ్లు రాకపోయినా మా ఇంటికే వచ్చేవాళ్లు. నాకది గొప్పగానే ఉండేది. కాదని చెప్పడానికి మనసొప్పేది కాదు.

మా ఎదురింట్లో అత్త ఉండేది. చుట్టరికం లేదు, వీధి వరస. భర్త పోయాక ఎండుచేపల మీద బతికేది. వేసవిలో హార్బరులో చేపలు కొనుక్కొచ్చి, ఉప్పుపెట్టి, ఇసుక దిబ్బల మీద ఎండబెట్టి, గోనెసంచుల్లో నింపి ఇంట్లో దాచేది. పడవలు వేటకి వెళ్లలేని వానాకాలంలో వాటిని పూర్ణా మార్కెట్లో అమ్మేది. ఏడాది పొడుగునా తినే తిండి ఆ సంచుల్లోనే ఉండేది. వాన ముదిరితే సంచుల్ని ఒక్కతే అటక మీదికి ఎక్కించుకునేది. నీళ్లు గడప దాటడానికి మూడు నాలుగు గంటలు పట్టేది కాబట్టి ఆ వ్యవధి సరిపోయేది.

"ఓలె కోడలా, మన కాలవ ఎప్పుడేత్తారే? అటకెక్కి దిగలేక నా నడుం ఇరిగిపోతంది," అనేది.

ఎనభైలు మొదలైన ఏడాది కాలువ రానే వచ్చింది. గవర్నమెంటు గ్రాంటు కొంత, పై కాలనీవాళ్లు లేఅవుటుకి కట్టిన డబ్బు కొంత. కొండవాలు మీదనుంచి మా వీధి గుండా తూము దాటి గెడ్డ దాకా ఒకే కాలువ. ఆ ప్లాన్ ట్రేస్ చేసింది నేనే. మా వీధి మీదుగా పోయే ఇంకు గీతని మురిసిపోతూ, అన్నిటికంటే నిదానంగా లాగాను.

తీరా పని మొదలయ్యేసరికి పైనుంచి మొదలెట్టారు. కాలువ కట్టేటప్పుడు నీళ్లు బయటికి పోయే చోటునుంచి ఎగువకి కట్టుకుంటూ రావాలి. ఇది కోర్సులో మొదటి వారం చెప్పే పాఠం. కల్లాపి నీళ్లకి దారి చేసే ఆడవాళ్లకి కూడా తెలిసిన సంగతి. నేను ఉండబట్టలేక ఇంజినీరు గారిని అడిగాను. ఆయన విసుక్కోలేదు, కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడమ్మా, కాలనీ వాళ్లు మా డబ్బు మా దగ్గరే ఖర్చు పెట్టమంటన్నారు. కింద తూము దగ్గర జాగా మనది కాదు, రైల్వేది. ఉత్తరాలు రాయాల, పర్మిషన్ రావాల. ఈలోగా మార్చి దాటిపోయిందంటే గ్రాంటు ఎనక్కి పోద్ది. వచ్చే ఏడు కింద ముక్క ఏసేద్దాం."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నాకు ఇప్పటికీ మండేది అందుకే. డబ్బు ఎవరు కట్టారో చూశారు, తారీఖు చూశారు, జాగా ఎవరిదో చూశారు. నీళ్లు ఎటు పోతాయో మాత్రం ఎవరూ చూడలేదు. ఏళ్ల తరబడి మా నాన్న కట్టిన డ్రైనేజీ పన్ను ఆ లెక్కలో ఏ మూలా కనిపించలేదు.

వీధివాళ్లు అర్జీ రాసుకుని ఆఫీసుకొస్తామన్నారు. నేనే ఆపాను. పై ముక్క పడితే సగం నీళ్లు ఆ కాలువలోనే ఉండిపోతాయి, ఈ ఏడు మనకి భయం లేదు, వచ్చే ఏడు మిగతాది వేస్తారు అని చెప్పాను. సగం నీళ్ల మాట ఏ ఇంజినీరూ అనలేదు. అది నా సొంత కవిత్వం. వాళ్లు నన్ను నమ్ముతుంటే ఊరుకోలేక అనేశాను.

మార్చి నెలాఖరుకి పై ముక్క పూర్తయింది. బిల్లు పాస్ కావాలంటే పూర్తయిన పని చూపించే ప్రింటు ఫైల్లో ఉండాలి. అమ్మోనియా ప్రింటులో గీతలన్నీ ఒకే రంగులో వస్తాయి. కట్టేసిన కాలువ, ఇంకా కట్టాల్సిన కాలువ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకని కట్టాల్సిన దాని మీద చేత్తో ఎర్ర రంగు దిద్దడం మా ఆఫీసు పద్ధతి. ఆ పని నాది. ఆ రోజు పొద్దుణ్నుంచీ ఫైళ్లు చేతులు మారుతున్నాయి. ప్రింటు ఇంకా ఘాటు వాసన వేస్తుండగానే ఇంజినీరు గారు చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. "రంగు తర్వాత ఎయ్యొచ్చమ్మా" అన్నాడు. ఆ తర్వాత అనేది రాలేదు. ఆయనకి బదిలీ అయింది, నేను మరిచిపోయాను.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. అత్త అప్పటికే ఒక్క గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లింది. మిగతా సంచులన్నీ నేల మీదే ఉన్నాయి. నేను చెప్పిన మాట నమ్మి ఆ ఏడు అటక ఎక్కించలేదు. ఇదివరకు తోవల్లో, గుంతల్లో నిలిచి నిదానంగా దిగే నీళ్లు ఈసారి నున్నటి కాలువలో పరిగెత్తుకొచ్చి, కాలువ ఆగిపోయిన చోట, అంటే మా వీధి మొదట్లో, ఎగదన్నాయి. అరగంటలో ఇళ్లలోకి వచ్చేశాయట.

నేను ఆఫీసునుంచి వచ్చేసరికి మోకాలి లోతు నీళ్లు. అత్త తడిసిన సంచుల్ని ఒక్కొక్కటే బయటికి లాగుతోంది. నన్ను చూసి ఆగింది.

"సగం నీల్లు పైనే ఉండిపోతాయన్నావు కదేటి, కోడలా?"

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. వెళ్లి రెండో కొస పట్టుకుని సంచి లాగాను. వారం రోజులు ఎండ ముఖం చూడలేదు. చేపలకి పురుగు పట్టింది. సంచుల్ని మేమిద్దరమే మోసుకెళ్లి గెడ్డలో పారబోశాం.

మరుసటి వేసవి మొదట్లో అత్త మా ఇంటికొచ్చింది. "హార్బరులో సావుకారు నన్ను నమ్మి మల్లీ సరుకిత్తానన్నాడు. నువ్వొక్క మాట సెప్పు. వానల్లోగా కింద కాలవ పడతాదా, పడదా? పడతాదంటేనే తెత్తాను. ఇంకోసారి ములిగితే నాను లేవలేను."

ఈసారి కవిత్వం చెప్పకూడదనుకుని కొత్త ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైలు తీసి ప్రింటు నా ముందు పరిచాడు. "కాలవ గెడ్డ దాకా ఉంది కదమ్మా. ఇంకేటి ఎయ్యాలి?" అన్నాడు.

అది నేను దింపిన గీతే. మూలన నా పొడి అక్షరాలు కూడా ఉన్నాయి. ఎర్ర రంగు లేదు. కొండవాలునుంచి గెడ్డ దాకా కాలువ నిక్షేపంగా ఉంది. పూర్తయిన పనికి మళ్లీ డబ్బెలా ఇస్తామని తూముకి పర్మిషన్ అడిగే ఉత్తరం కూడా ఎక్కడికీ పంపలేదట. ఆఫీసుకి రెండు మైళ్లలో ఉన్న మా వీధికి వచ్చి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. నేను తడబడుతూ రంగు సంగతి చెప్పాను.

"అలాగైతే తప్పు ఎక్కడ జరిగిందో రాసి, సంతకం పెట్టి ఇయ్యండి. చూద్దాం," అన్నాడు.

నన్ను పర్మనెంటు చేసే కాగితాలు అప్పుడే పైకి వెళ్లి ఉన్నాయి. నా తప్పని నా చేత్తో రాసిస్తే ఆ కాగితాలు చించి పారేస్తారనిపించింది. ఆర్డరు రాగానే రాద్దామనుకున్నాను. వారం రోజుల్లో వస్తుందన్నారు. ఆ వారం ఎనిమిది నెలలు సాగింది. అత్త అడిగినప్పుడల్లా "ఏమీ తెలియడం లేదత్తా" అన్నాను. అడిగి అడిగి, సరుకు తెచ్చే ఆలోచనే మానేసింది. ఉక్కు కర్మాగారం కట్టేచోటికి పొద్దున్నే లారీలో కూలీలను తీసుకెళ్లేవాళ్లు. యాభై దాటిన మనిషి వాళ్లతోపాటు ఎక్కి, కాంక్రీటు తట్టలు మొయ్యడానికి వెళ్లేది.

చివరికి ఆర్డరు వచ్చింది. ఆ మధ్యాహ్నమే కాగితం రాసి, సంతకం చేసి, ఇంజినీరు గారికి ఇచ్చాను. ఆయన పైపైన చదివి ఫైల్లో పెట్టాడు. సొరుగులోంచి ఎర్ర పెన్సిలు తీసి, ప్రింటు మీద మా వీధినుంచి గెడ్డ దాకా గీతని రుద్దాడు. "సరిపోయింది కదా?" అన్నాడు. మెమో లేదు, సంజాయిషీ లేదు, చీవాట్లు కూడా లేవు. నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

ఆపైన పర్మిషన్ వచ్చింది, డబ్బు వచ్చింది. మూడో వేసవిలో గెడ్డ దగ్గరనుంచి కాలువ కట్టుకుంటూ మా వీధిలోకి వచ్చారు. తూము కూడా వెడల్పు చేశారు. పని పూర్తయిన ఆదివారం సాయంత్రం అత్త ఇంటికి పరిగెత్తాను.

"అత్తా, ఇంక భయం లేదు. సరుకు తెచ్చుకో."

ఆవిడ అరిగిన వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటోంది. "ఏటి తెచ్చుకుంటానే? మార్కెట్లో నా జాగాలో ఉల్లిపాయల మనిషి కూకుంది. సావుకారు నా వాటా ఇంకొకలకి ఇచ్చీసినాడు." మళ్లీ తనే అడిగింది. "ఇంతకీ ఇన్నాల్లు కాలవ దేనికాగింది?"

దాచదలుచుకోలేదు. ప్రింటు సంగతి, ఎర్ర పెన్సిలు సంగతి అన్నీ చెప్పాను.

"ఆ గీత రుద్దడానికి ఎంతసేపు పట్టినాది?"

"అర నిమిషం."

"మరి ఎనిమిది నెల్లూ నువ్వేటి సేసినావే, కోడలా?"

ఆర్డరు కోసం చూస్తూ కూర్చున్నానని చెప్పాను. అత్త తలూపింది. నూనె సీసాకి మూత బిగించి, పొద్దున్నే లారీ వస్తుంది, పడుకోవాలి అంటూ లోపలికి వెళ్లిపోయింది.