ప్రభుదాసు సార్ ఫైలు మూసింది నేనే

నిన్న పొద్దున అబిడ్స్ పోస్టాఫీసు ముందు బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది.

ప్రభుదాసు సార్ ఇక లేరని.

నమ్మలేదు. మళ్ళీ అడిగాను. హార్ట్ అటాక్ అన్నారు.

ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

మొన్న ఆదివారమే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూ కనిపించారు. చూసి సందులోకి తప్పుకున్నాను. ఎందుకో చెప్తాను.

తెలియనివాళ్ళ కోసం: సార్ నాంపల్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో C ప్రోగ్రామింగ్ చెప్పేవారు. ఆదివారం చర్చి అయ్యాక మన గ్రూపు రూముకి వచ్చి, స్కాన్ చేసిన పాత కరపత్రాల కేటలాగ్ ప్రోగ్రాం మనతో కలిసి రాసేవారు. ఫోల్డర్లు చదివే భాగం నాది. జాబితా ఫైలు రాసే భాగం ఆయనది. రెండూ ఒకేసారి నడిచేవి.

జాబితా ఒక్కోసారి సగంలో ఆగిపోయేది. లైబ్రరీ వాళ్ళు చూడటానికి వచ్చిన రోజు కూడా ఆగింది.

అందరి ముందూ అరిచాను. "ఇన్‌స్టిట్యూట్ C గిట్లనే ఉంటది సార్!"



వారం తర్వాత సార్ మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం ఇప్పించి, సంచిలోంచి నా కోడ్ ప్రింట్ బయటికి తీశారు.

"తమ్మీ, ఫోల్డర్ తెరిస్తే వచ్చిన నంబర్ fdopendir ఫంక్షన్‌కు ఇచ్చినవ్. ఇచ్చినంక అది నీది కాదు. closedir దాన్ని గూడ మూసేస్తది. మళ్ళ కింద close ఎందుకు?"

"తెరిచినోడే మూయాలె గద సార్. గది నా బాధ్యత."

"ఔ, మంచిదే. గని అప్పటికే ఆ నంబర్ ఖాళీ అయి నా ఫైలుకొచ్చింది. నువ్వు మూసింది నా ఫైలు." నవ్వారు. "కరపత్రాలు కంఠస్థం చేస్తవ్, ఫంక్షన్ల వాడుక రాసిన మాన్ పేజీ జర చదవరాదు?"

ఒక్క లైను తీసేశాను. జాబితా మొత్తం వచ్చింది.

"బగ్ పోయింది" అని మాత్రం మీ అందరికీ మెయిల్ పెట్టాను. సార్ తన తప్పు దిద్దుకున్నారని మీరనుకున్నారు. అనుకోనిచ్చాను.

ఆయన మళ్ళీ రూముకి రాలేదు. మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పి అన్నారట.

బాధ్యత గురించి గంటలకొద్దీ మాట్లాడేవాణ్ణి. ఒక్క వాక్యం చెప్పడానికి మూడు నెలలు జంకాను. నా మాటలంటే నాకే విసుగొస్తోంది.

ఆ తప్పు నాది. సార్ కోడ్ సరిగ్గానే ఉంది.

ఆ రోజు నా అరుపు విన్నవాళ్ళలో ఆయన కూతురు కూడా ఉంది. ఈ సాయంత్రం సమాధుల తోటలో, సార్ అంత్యక్రియల దగ్గర, ఆమెకు ఈ మాట నా నోటితో చెప్తాను. మీరూ రండి. మీ ముందే చెప్పాలి.

వెళ్ళిరండి సార్. మేము ఇవ్వని నెమ్మది ప్రభువు దగ్గర మీకు దొరకాలి.