మొదటి వాయి

రాఘవులు మిల్లులో మిరపకాయలు ఆడించాక, ఆ రాతి మీద ముందు ఎవరి గింజలు పడితే వాళ్ల పిండికి ఘాటు అంటుకుంటుంది. మార్టూరుకు అవతల నల్లరేగడి చేల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఈ సంగతి తెలియని ఆడమనిషి లేదు. అందుకే కారం వాయి దిగగానే అక్కడొక చిత్రం జరుగుతుంది. అప్పటిదాకా "నా వంతు, నా వంతు" అని తోసుకున్నవాళ్లు ఒక్కసారిగా మహా మంచివాళ్లయిపోతారు. "నువ్వు పెట్టమ్మా", "అబ్బే, నాకేం తొందర, నువ్వే కానీ" అంటూ ఒకరికొకరు దారిస్తారు. చివరికి కాదనే నోరు ఎవరికి లేదో వాళ్ల డబ్బా ముందుకు జరుగుతుంది. చాలాసార్లు అది కోటేశ్వరి డబ్బా.

కోటేశ్వరి రామాంజనేయులు చిన్న కూతురు. తొమ్మిదో తరగతి అయిన వేసవిలో వాళ్లమ్మ మిరపకోతకు పోతూ ఆటోలోంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. అమ్మ లేచేదాకా వంట చూసుకోమన్నారు. అమ్మ కర్ర పట్టుకుని లేచింది గానీ, బడి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కోటేశ్వరీ ఎత్తలేదు. అప్పటినుంచి ఇంటికి కావలసిన సరుకులన్నీ తెచ్చేది ఆమే.

ఊళ్లో ప్రతి కొట్టువాడికీ ఆమె అంటే ఇష్టమే. బేరం ఆడదు, బాగోలేదని తిరిగి తీసుకురాదు. కిరాణా కొట్టులో బస్తా అడుగున మిగిలిన పుచ్చు కందిపప్పు ఆమె సంచిలో పడుతుంది. పొట్లం కట్టేటప్పుడే ఆమె చూస్తుంది. చూసి కూడా తెచ్చుకుని, ఇంట్లో చేటలో పోసి ఏరుకుంటుంది. టైలరు ఎవరి కొలతకో కుట్టిన జాకెట్టు ఇస్తే ఇంటికొచ్చి పక్కలు విప్పుకుని మళ్లీ కుట్టుకుంటుంది. ఆమెకు నచ్చిన వస్తువు ఒక్కటే, ఈమధ్య కొట్లలో పెట్టిన మాట్లాడే స్కానరు పెట్టె. ఫోను చూపిస్తే చాలు, డబ్బు ముట్టిందని అదే గట్టిగా అరిచి చెబుతుంది. ఆమె నోరు విప్పనక్కర్లేదు.

నోరు లేదు గానీ కళ్లున్నాయి. తక్కెడ ఎటు ఒరుగుతుందో, ఎవరు ఎవరి వంక చూసి నవ్వుకున్నారో అన్నీ ఆ కళ్లకు తెలుసు. తెలిసినవన్నీ లోపలే ఉండిపోతాయి.

ఆ ఏడు మాఘమాసం వెళ్లేసరికి ఇంట్లో ఒక కొత్త దిగులు వచ్చి కూర్చుంది. అక్క దీప్తి కాన్పుకొచ్చి, నెలలు నిండకముందే కొడుకును కన్నది. వాడికి త్రినాథ్ అని పేరు పెట్టారు. ఉగ్గు తినే వయసొచ్చినా వాడు తుండుగుడ్డలో చుట్టిన పిట్టలాగే ఉన్నాడు. డబ్బా పిండి కలిపి పెడితే కక్కేశాడు. బియ్యపుగంజి తాగుతాడు, కానీ ఒంటికి పట్టదు. పోయినసారి తూకం వేసిన నర్సు మొహం ముడుచుకుంది.

"రాగులు మొలకలు కట్టి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టించండి. జావ కాచి రోజూ పెట్టండి. వచ్చేసారి కూడా ఇట్లాగే ఉంటే మాత్రం ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సిందే" అని చెప్పింది.

ఆసుపత్రి పేరు వినగానే దీప్తి ఏడుపు మొదలుపెట్టింది. రాగుల పని కోటేశ్వరి తీసుకుంది. కడిగి, నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, తెల్లటి మొలకలు వచ్చాక దాబా మీద ఆరబెట్టింది. వాకిలంతా మిరపకాయలే. వాటి గాలి తగలకూడదని రాగుల మీద పాత పంచె కప్పింది. పిట్టలు వాలకుండా మొలకలు ఎండేదాకా కాపలా కూర్చుంది. సన్నసెగ మీద వేయించింది. డబ్బా చిన్నది కావడంతో సగమే పట్టాయి. మిగతా సగం చేటలో వదిలి మిల్లుకు బయలుదేరింది.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇది కారాల కాలం. ఏడాదికి సరిపడా కారం అందరూ ఇప్పుడే పట్టించుకుంటారు. మామూలుగా రాఘవులు మిల్లులో కారానికి వేరే మిషను ఉండేది. దాని మోటారు కాలిపోయి రిపేరుకు పోయింది. ఇప్పుడు కారమైనా పిండి అయినా ఒకే రాయి. 'ముందే చెప్పాలి. బాబుకని చెప్పాలి. కారం తరవాత నాది వద్దని చెప్పాలి.' ఆ మూడు మాటలూ నోట్లో తిప్పుకుంటూ నడిచింది.

మిల్లు గుమ్మం దాటకముందే తుమ్ములు వినిపించాయి. లోపల సుబ్బరావమ్మ ఎండుమిరపకాయలు ఆడుతున్నాయి. మిల్లు గోడలు, రాఘవులు కనుబొమలు అన్నీ ఎర్రగా ఉన్నాయి. గోధుమల డబ్బాతో సర్దార్‌బీ, శనగపప్పు సంచితో మల్లేశ్వరి కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. కారం దిగింది. సుబ్బరావమ్మ బేసిను ఎత్తుకుని తుమ్ముకుంటూ వెళ్లిపోయింది.

"తరవాతెవరమ్మా? రాయి ఉత్తగా తిరుగుతోంది. కరెంటు బిల్లు మీ అత్తలు కడతారా?" అని రాఘవులు అరిచాడు.

ఎవరూ కదల్లేదు.

"నావి శనగపప్పు. ఎల్లుండి మా పిల్లకు పెళ్లిచూపులు. బజ్జీలెయ్యాల. నేను ముందు పెట్టను" అంది మల్లేశ్వరి.

"ఏం, పెళ్లికొడుకు కారానికి పారిపోతాడనా?"

"పారిపోతే నువ్వు చేసుకుంటావా రాఘవులు మామా, ఆ పళ్లేసుకుని?"

నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో రాఘవులు చూపు కోటేశ్వరి మీద పడింది.

"కోటేశ్వరి పెట్టుద్దిలే. బంగారం లాంటి పిల్ల. ఇట్టా తే అమ్మాయ్."

"బాబాయ్, ఇది బాబుకి..." అంది ఆమె. మోటారు చప్పుడులో ఆ మాట ఆమె చెవికే వినపడలేదు. డబ్బా అప్పటికే అతని చేతిలో ఉంది. కింద ఉన్న బస్తాలోంచి గుప్పెడు నూకలు తీసి పైతొట్టిలో విసిరాడు. "ఇదిగో, రాయి కడిగేశా. గంగలో మునిగినంత శుద్ధి" అని ఆ వెంటే రాగులు పోసేశాడు.

గుప్పెడే. బుట్టెడు కారం ఆడిన రాతికి గుప్పెడు నూకలే. కోటేశ్వరి చూసింది. గుడ్డ గొట్టంలోంచి పిండి దిగుతుంటే కళ్లు చికిలించి చూసింది. గోధుమపిండి అయితే ఎర్రజీర కనపడేది. రాగిపిండి రంగే ముదురు. ఏమున్నా అందులో కలిసిపోతుంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే అమ్మ చిటికెడు నాలుక మీద వేసుకుంది. "చప్పగా ఉంది గదే."

నాన్నా వేసుకున్నాడు. "దీన్లో కారమా? పచ్చిమిరపకాయ కొరుక్కుంటా సద్దన్నం తినేవోణ్ణి, నాకు తెలియదా కారమంటే?"

కోటేశ్వరి భయమంతా అదే. ఆ ఇంట్లో ఎవరి నాలుకకు తెలుస్తుంది? పచ్చడి లేనిదే ముద్ద దిగని వాళ్లు. పక్క జిల్లా చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ల కోసమని చప్పగా వండిన కూరకే ఆ చుట్టాలు నీళ్లు తాగి తాగి కడుపులు నింపుకుని పోయారు. తనూ వేసుకుని చూసింది. ఏమీ తెలియలేదు. ఆ తెలియకపోవడమే నమ్మబుద్ధి కాలేదు.

జావ కాస్తుంటే ఆవిరికి గొంతులో గరగర లేచింది. దగ్గింది. "ఇదిగో, ఘాటు వస్తోంది" అంది.

"వసారా నిండా మిరపకాయల టిక్కీ బస్తాలున్నాయి. ఇంట్లో దగ్గని వాళ్లెవరు?" అన్నాడు నాన్న. అదీ నిజమే.

జావ చల్లారింది. బాబు ఆకలికి గుక్కపెట్టాడు. దీప్తి వాణ్ని ఒళ్లో వేసుకుని చెంచా ముంచింది. వాడి నోరు పిట్టపిల్ల నోరులా తెరుచుకుంది.

"అక్కా, ఆగు."

ఆ గొంతు తనదేనని కోటేశ్వరికి కాసేపటి దాకా తెలియలేదు. గిన్నెలో వేలు ముంచి, ఆ వేలు తన కంటి కొనకు తాకించుకుంది. మొదట వెచ్చగా అనిపించింది. తరవాత సూది గుచ్చినట్టయి కన్ను మూసుకుపోయింది. నీళ్లు చెంప మీదుగా గడ్డం దాకా కారాయి.

"కంట్లో వేలెట్టుకుంటే నీళ్లు రాక పాలొస్తాయా?" అన్నాడు నాన్న.

దీప్తి చెల్లెలి ఎర్రబడిన కన్ను వంక చూసి, చెంచా గిన్నెలో పడేసి, బాబు మూతి కొంగుతో గట్టిగా తుడిచింది. ఆ పూటకు వాడికి మళ్లీ గంజే.

"రేపు నేనెళ్లి అడుగుతా వాణ్ని" అంది అమ్మ, కర్ర వైపు చూస్తూ. "నీ నోట్లోంచి మాట ఊడిపడదు." కానీ అమ్మ అంతదూరం నడవలేదు. నాన్న అడగడు. ఆయన దృష్టిలో పిండి బాగానే ఉంది. బాబును మళ్లీ తూకం వేసే రోజు దగ్గరపడుతోంది.

మర్నాడు పొద్దున్నే ఒక సంచిలో నిన్నటి పిండి, డబ్బాలో మిగిలిన సగం రాగులు వేసుకుని కోటేశ్వరి బయలుదేరింది. అప్పుడే తిరిగి పోదామా అనుకుంది. ఆ సగం రాగులు కూడా పాడైతే మళ్లీ మొలకలు కట్టి ఎండబెట్టేదాకా బాబు గంజి మీదే ఉండాలి. ఆ భయమే ఆమెను ముందుకు తోసింది.

మిల్లులో మళ్లీ కారమే ఆడుతోంది. మల్లేశ్వరిది, దిగిపోవస్తోంది. సర్దార్‌బీ ఈసారి జొన్నలు తెచ్చి ఇంకో ఇద్దరితో బల్ల మీద కూర్చుని ఉంది. కోటేశ్వరి సంచి ముందుకు చాపింది.

"బాబాయ్, నిన్నటి పిండి కారంగా ఉంది."

"ఏందీ?"

మళ్లీ చెప్పింది. రాఘవులు గుప్పెట్లో కాస్త పోసుకుని నోట్లో వేసుకుని చప్పరించాడు. రోజంతా కారం పీల్చే మనిషి.

"ఏదీ కారం? పంచదార లాగుంటే. ఇదిగో మల్లేశ్వరీ, నువ్వు చూడు."

మల్లేశ్వరి కూడా చూసింది. "ఏం లేదు పిల్లా. పెళ్లీడొచ్చినా ఇంకా చంటిపిల్లలాగా మాట్లాడతావేంది?"

"కోటేశ్వరి కూడా రిటన్ తెచ్చిందంటే కలికాలమే" అని రాఘవులు నవ్వాడు. అందరూ నవ్వారు. కోటేశ్వరి చెవులు వేడెక్కాయి. చూపు నేల మీదికి పోయింది. నేలంతా ఎర్రటి దుమ్ము. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆ డబ్బా కూడా చేతిలోంచి పోతుంది. ముందు వాయిలో పడుతుంది.

"అయితే మీ మనవరాలికి పెట్టండి బాబాయ్" అంది. "ఇది మా అక్క కొడుకు ఉగ్గు కోసం పట్టించింది. మీ గుప్పెడు నూకలు చాలనుకుంటే మీ పాపకి ఒక చెంచా పెట్టండి. అప్పుడు నేను వెళ్లిపోతా."

మాట చివరిదాకా వచ్చింది. రాఘవులు నవ్వు సగంలో ఆగిపోయింది. అతని కూతురు కూడా పురిటికొచ్చి, చంటిపాపతో ఇంట్లోనే ఉంది. చేతిలో ఉన్న పిండి వంక చూశాడు. చెయ్యి ఎత్తి మోటారు ఆపేశాడు.

అంత హోరు ఒక్కసారిగా ఆగేసరికి అందరి మొహాలూ వింతగా కనపడ్డాయి.

"పసివాడికని నిన్ననే చెప్పొచ్చుగా తల్లీ" అన్నాడు మెల్లిగా.

"చెప్పాను. మోటారు తిరుగుతోంది."

అతను గుడ్డ గొట్టం ఊడదీసి గుమ్మం బయట దులిపాడు. ఎర్రటి పొగ లేచి కుక్క ఒకటి తుమ్ముకుంటూ పరుగెత్తింది. రాయి విప్పి, సందుల్లో పేరుకున్న కారాన్ని ఈనెల చీపురుతో గీకాడు. నిన్న ఆ రాతి మీదే రాగులు పోశాడు. కోటేశ్వరి ప్రతి సందూ చూస్తూ నిలబడింది. "అక్కడ, బాబాయ్. ఇంకా ఆ మూల" అంటూ చూపుడువేలుతో చూపించింది. అతను గీకాడు. పెట్టెలోంచి కొత్త గుడ్డ తీసి కట్టాడు.

అయినా ముందు వాయి ముందు వాయే. మళ్లీ అందరూ ఎవరి డబ్బా వాళ్లు దగ్గరకు లాక్కున్నారు. సర్దార్‌బీ మోకాళ్లు పట్టుకుని లేచింది.

"నా జొన్నలు పొయ్యి రాఘవులూ, మొహమాటాలు తరవాత. రొట్టెల్లో ఇంత కారం దిగితే ఏం కొంప మునగదు. ఆ పూటకి కూరలో తగ్గించుకుంటా."

"అత్తా..." అంది కోటేశ్వరి.

"అత్త లేదు గిత్త లేదు. ఆ పిల్లోడు కాస్త ఒళ్లు చేశాక తీసుకొచ్చి చూపించు."

జొన్నలు ఆడాయి. ఆ తరవాత రాగులు ఆడాయి. ఇంటికి వచ్చేదాకా కోటేశ్వరి డబ్బా మూత మీద చెయ్యి తియ్యలేదు.

జావ కాచింది. చల్లార్చింది. మళ్లీ కంటికి తాకించుకుంది. నిన్నటి మంట ఇంకా పూర్తిగా పోలేదు, కన్ను కాస్త చెమ్మగిల్లింది. ఇది నిన్నటిదా, ఇవాళ్టిదా? రెండో కంటికి తాకించుకుంది. కాచుకుని కూర్చుంది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదనే నిర్ధారణకు రావడానికి కూడా భయమేసింది.

"పెట్టనా?" అంది దీప్తి.

కోటేశ్వరి కాచి చల్లార్చిన నీళ్ల గ్లాసు ఒక చేత్తో, తడిగుడ్డ ఒక చేత్తో పట్టుకుని పక్కన గొంతుక్కూర్చుంది. "పెట్టు. కొంచెమే."

చెంచా కొన వాడి పెదవికి తగిలింది. త్రినాథ్ మొహం మొత్తం ముడుచుకుపోయింది. ముక్కు, కళ్లు, నుదురు అన్నీ ఒక్కచోటికి వచ్చాయి. కోటేశ్వరి చేతిలో గ్లాసు ఒలికింది. అమ్మ కర్ర నేలకేసి ఆగింది. వాడు నాలుక బయట పెట్టి, లోపలికి లాక్కుని, ఆ కొత్త రుచి ఏమిటో తేల్చుకోలేనట్టు పిన్ని మొహం వంక చూశాడు.

తరవాత నోరు తెరిచి, చెంచా ఎటు పోయిందా అని వెతికాడు.

దీప్తి రెండో చెంచా ముంచింది. కోటేశ్వరి గ్లాసు కింద పెట్టలేదు.