వెనక్కి పిలుస్తారులే, పద

సికింద్రాబాద్‌లో గల్లీకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన ఆ రోజుల్లో, మెడలో ఆఫీసు కార్డు పడగానే మనిషి మారిపోయాడనుకునేవారు. నేను మాత్రం మారలేదు. జనరల్ బజార్‌లో మాది బట్టల దుకాణం. కొనేటప్పుడు ఎలా ఉండాలో నాన్న చిన్నప్పుడే నేర్పాడు. "నచ్చిందని మొఖంల కనిపియ్యకు. రేటు కుదరకుంటే లేచి నడువు, వాడే పిలుస్తడు." ఆ పాఠంతోనే చెప్పులు కొన్నాను, సైకిలు కొన్నాను, మొదటి ఉద్యోగంలో జీతం కూడా పెంచుకున్నాను. (లేచి నడిస్తే లిఫ్టు దాకా వచ్చి పిలిచారు. ఆ గర్వమే నన్ను ముంచింది.)

మా టీమ్‌లో మల్కాజ్‌గిరి నుంచి వచ్చే అమ్మాయి ఉండేది. వాళ్లది శ్రీకాకుళం వైపు. ఆమె మీద ఇష్టాన్ని కూడా నాన్న చెప్పినట్టే నెలల తరబడి మొహంలో కనిపించనివ్వలేదు. అమెరికా పల్లెపాటలకు రాక్ గిటారు తగిలించి పాడే బెంగళూరు బ్యాండు ఒకటి ఇక్కడి క్లబ్బు మైదానానికి వస్తోందని, ఒక శనివారం సాయంత్రం ఆమే నన్ను రమ్మంది. అంతా సజావుగా జరిగితే మనసులో మాట ఆ రోజే చెప్పేయాలనుకున్నాను.

టోపీలు పెట్టుకున్న మగవాళ్లు లారీ చెడిపోయిందనీ, పెళ్లాం వెళ్లిపోయిందనీ, వాన రాలేదనీ వరసగా ఏడ్చారు. మధ్యమధ్య గిటారు మా ఇంటి మిక్సీలా అరిచింది. దోమలు సరేసరి. అయినా ఏదో ఒక పాటకు నా కాలు దానంతటదే ఆడింది. వెంటనే రెండో కాలితో తొక్కిపెట్టాను.

"నచ్చిందా?" అంది.

"పర్వాలేదు."

"ఏటి పర్వాలేదు? చిరిగిన బట్ట చూసినట్టు చూస్తన్నావు. ఉండు, నాకిష్టమైన పాట ఇంకా రాలేదు. దానికోసమే వచ్చాను."

ఆ పాట పాడకుండానే బ్యాండు దండం పెట్టి వేదిక దిగిపోయింది. జనం 'వన్స్ మోర్' అని అరవడం మొదలుపెట్టారు. ఆమె కూడా నోరు తెరవబోతే నేను ఆపాను.

"అరవకు. మనం అడిగితే బెట్టు చేస్తరు. లేచి నడుద్దాం, వాళ్లే పిలుస్తరు."

"పాటకి బేరమేటి?"

"జెర నా మాట విను. జీతమే పెంచుకున్న నేను."

పాపం, నమ్మి నడిచింది. గేటు దాటాక అడుగులు నెమ్మది చేశాను (పిలవడానికి వాళ్లకు వీలుగా ఉండాలి కదా). పిలుపు రాలేదు. వెనక, ఆమె ఎదురుచూసిన పాట మొదలైంది.

"బయటికి పోయినోళ్లను మళ్ల రానియ్యం సార్," అన్నాడు వాచ్‌మన్. బతిమాలాను, దబాయించాను, చివరికి ఆయన దగ్గర్నుంచి కూడా లేచి నడిచాను. ఆయన స్టూలు మీద కూర్చుని తాపీగా బీడీ వెలిగించాడు.

పాట గోడకు అవతల, మేము ఇవతల. అయ్యేదాకా నా వైపు చూడకుండా విని, "నీకో దండం బాబూ. ఇంకెక్కడికీ నీతో రాను," అని బస్టాపు వైపు నడిచింది. అలవాటు ప్రకారం అక్కడే నిలబడ్డాను, వెనక్కి తిరుగుతుందని. తిరగలేదు. ఈసారి లేచి నడిచింది ఆమె, దుకాణంలో మిగిలింది నేను. అది బుర్రకెక్కగానే పరుగెత్తాను.

"ఆగు. పాటలు నచ్చినయ్. ముందునుంచే నచ్చినయ్. నువ్వు సుత నచ్చినవ్."

ఆమె ఆగింది. "ఆ ముక్కేదో లోపలే ఏడవొచ్చు కదా," అంది.

పిలిచినవాడే రేటు తగ్గించాలన్నది బజారు ధర్మం. పెళ్లయి ఇన్నేళ్లయినా నేను తగ్గిస్తూనే ఉన్నాను. మొన్న చీరల దుకాణంలో ధర కుదరక లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడితే ఎవరూ పిలవలేదు. తిరిగి చూస్తే మా ఆవిడ ఆ చీరను ఒళ్లో పెట్టుకుని, మొహం నిండా నవ్వుతూ, ఆనాటి పాటే కూనిరాగం తీస్తోంది. గుమ్మంలో నా కాలు ఆడింది. తొక్కిపెట్టలేదు.