నాలుగు దగ్గర ఎన్ని గీతలు

అమ్మకు ఆత్మకూరులో కుడికంటి శుక్లం ఆపరేషన్ చేయించి, ఉదయగిరిలో మా ఇంటికి తీసుకొచ్చాను. చుక్కల మందు వేస్తూ "కనపడతా ఉండాదా?" అని రోజూ అడిగేవాణ్ణి. "బాగా కనపడతా ఉండాది" అనేది. ఆ మాట నమ్మేదెట్లా? చూపు మసకబారినన్నాళ్ళూ అదే మాట చెప్పి మమ్మల్ని ఏమార్చింది. కొండ కనపడుతోందా అంటే "అదేడికి పోద్ది?" అనే మనిషి. అంకెలు రాకపోయినా, ముళ్ళు ఏ పక్క ఉన్నాయో ఆనవాలు పట్టి టైము కూడా చెప్పేసేది.

అందుకని ఈసారి ఊహించి చెప్పలేనిది అడగాలనుకున్నాను. హాల్లో గోడ గడియారానికి ఉన్నవి రోమన్ అంకెలు. ఎడమకన్ను మూయించి అడిగాను.

"నాలుగుండే చోట ఎన్ని నిలువుగీతలుండాయి?"

"నాలుగు."

రోమన్ నాలుగంటే ఒకే నిలువుగీత, దాని పక్కన V. చిన్న క్లాసులోనే బట్టీ పట్టాను. తలెత్తి గడియారం చూడాలని కూడా నాకు తోచలేదు.

"కాదుమా, సరిగ్గా చూడు" అన్నాను విసుగ్గా.

చాలాసేపు చూసింది. "అయితే రెండేమోలే" అంది. ఇంకోసారి అడిగితే "మూడా?" అంది.

ఆపరేషన్ చెడిపోయిందనే అనుకున్నాను. పొద్దున్నే బస్సుకు ఆత్మకూరు పోదామన్నాను. అమ్మ చీర మడిచి సంచిలో పెట్టుకుంది.

తెల్లారి బస్సుకు టైమైందేమోనని గడియారం వైపు చూశాను. నాలుగు దగ్గర నాలుగు నిలువుగీతలు! కుర్చీ ఎక్కి మరీ చూశాను. చాలా గడియారాల మీద నాలుగును అలాగే వేస్తారని తర్వాత తెలిసింది. చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారే, అది నేనే. ఇన్నేళ్ళూ ఆ గడియారం కిందే తిరిగాను.

"నాలుగు కనపడతా ఉంటే రెండని ఎందుకన్నావుమా?"

"సదువుకున్నోడివి, నువ్వు కాదంటివి గదరా. నా కన్నే పాడయిందనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆమె చేతిలో సంచి తీసుకుని, "నీ కన్ను బాగుండాది. అవి నాలుగే" అన్నాను.

అమ్మకు నమ్మకం కుదరలేదు. గడియారం కేసి చూస్తూనే, "నువ్వింకోసారి లెక్కబెట్టి చెప్పరా" అంది.