మొక్కు తీరని జడ

మేడమీద బందీగా ఉన్న రాజకుమార్తె కథ ఎవరికి చెప్పినా మొదట అడిగేది, "ఆ మేడకు మెట్లు లేవా?" అని. ఎందుకుండవు నాయనా! మా మద్రాసు జార్జిటౌన్ సందులో ఎండుమిరప మండీ పైన రెండో అంతస్తుకు చక్కటి రాతిమెట్లు ఉండేవి. అయినా భరణి అనే పిల్ల పెద్దమనిషి అయినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు నిండేదాకా పైనే ఉండిపోయింది. మంత్రగత్తె ఎవరూ లేరు. ఉన్నది మండీ యజమానురాలు సీతాలక్ష్మమ్మ, శనివారం ఒంటిపూట భోజనం చేసే మనిషి.

భరణి ఆమె కన్నబిడ్డ కాదు. వెనక వాటాలో ఉండే మండీ గుమాస్తా యతిరాజులు కూతురు. ఆయన భార్యకు నెలలు నిండుతుండగా గోంగూర మీద మనసు పోయింది. అదీ మామూలు గోంగూర కాదు, సీతాలక్ష్మమ్మ మిద్దె మీద పాత నూనె డబ్బాల్లో పెంచుకునేదే కావాలి. అందరూ కునుకు తీసే వేళ యతిరాజులు పైకెక్కి కోస్తూ దొరికిపోయాడు. పిల్లల్లేని సీతాలక్ష్మమ్మ అరవలేదు. "కూర ఎంతైనా కోసుకోండి. ఈసారీ ఆడబిడ్డ పుడితే నాకియ్యండి" అంది. అప్పటికే ఆ ఇంట్లో అందరూ ఆడపిల్లలే. పుట్టగానే ఇచ్చేశారు. ఆకుకూరకు బిడ్డనిచ్చారని సందంతా నవ్వింది. నాకు మాత్రం ఈనాటికీ నవ్వు రాదు.

బిడ్డ బతికి బట్టకట్టాలని సీతాలక్ష్మమ్మ పుట్టువెంట్రుకలు తిరుపతికి మొక్కుకుంది. చిక్కంతా అక్కడే పడింది. మావాళ్లలో పుట్టువెంట్రుకలు తీయించాలంటే బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. మేనమామను పిలిస్తే కన్నవాళ్లూ వస్తారు. వస్తే బిడ్డ మనసు అటు మళ్లుతుందని ఆమె భయం. యతిరాజుల్ని పనిలోంచి తీసేసి కుటుంబంతో సహా చిత్తూరు పంపేసింది. మొక్కును వచ్చే ఏడు, ఆపై ఏడు అంటూ తోసేసింది. మొక్కు తీరందే కత్తెర తగలకూడదు కనుక జుట్టు పెరుగుతూనే ఉంది. దేవుడికి చెందిన జుట్టు మీద నలుగురి కళ్లూ పడకూడదు కనుక పెద్దమనిషి అయ్యాక భరణి బడి మానింది, గుడి మానింది, చివరికి మెట్లు దిగడమే మానింది. మెట్ల దగ్గర కటకటాల తలుపు, దానికో తాళం. తాళంచెవి సీతాలక్ష్మమ్మ నడుమున దోపుకొని తిరిగేది.

ఇదంతా ప్రేమేనండీ. అదే దారుణం. తలంటి, సాంబ్రాణి పొగ వేసి, మోకాళ్లు దాటిన ఆ జుట్టు చిక్కు తీస్తూ పూటంతా కూర్చునేది ఆ తల్లి. పిల్లకేమో ఆ బరువుకు మెడనొప్పి.

"అమ్మా, ఒక్కసారి బీచికి పోయొద్దామా?"

"మొక్కు తీరనీ బంగారూ. ఆడ ఎవరి కన్ను పడతాదో ఏమో."

తీర్చాల్సింది ఎవరు, తీర్చనిది ఎవరు? ఆ మాట అడగడానికి భరణికి నోరు రాలేదు.

కథల్లో అయితే రాజకుమారుడు ఎక్కి వస్తాడు. తొంభై మూడులో మా సందుకు కేబుల్ టీవీ వచ్చింది. వైరు చుట్ట భుజాన వేసుకుని మిద్దెల మీదుగా పెరంబూరు మునికృష్ణ వచ్చాడు. వడియాలు పెడుతున్న భరణిని చూసి, "ఏందండీ ఈ జడ, నా వైరు కన్నా పొడుగుండాదే!" అన్నాడు. భరణి నవ్వింది. ఆ తర్వాత మా సందులో వైర్లు తెగ పాడయ్యేవి. వచ్చినప్పుడల్లా లోకల్ రైళ్ల గురించి, సముద్రం గురించి చెప్పేవాడు.

సెప్టెంబరులో మొదలయ్యే తమిళ నెల పెరటాసిలో ఒక శనివారం పొద్దున సీతాలక్ష్మమ్మ మిద్దెక్కి, పిట్టగోడ దగ్గర మాట్లాడుకుంటున్న ఇద్దర్నీ చూసింది. మునికృష్ణ పక్క మిద్దెకు దూకి పోయాడు. మళ్లీ రాలేదు. ఆ రాజకుమారుడి ప్రతాపం అంతే. సీతాలక్ష్మమ్మకు కోపంతో కళ్లు మూసుకుపోయాయి. గోతాలు కోసే కత్తెర తెచ్చి జడను మెడ దగ్గర తెగ్గోసింది.

అది నేల మీద పడ్డాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. చెంపలేసుకుంది. కాసేపటికి మళ్లీ పాత పాటే ఎత్తుకుంది.

"ఎవరికీ చెప్పబాకు తల్లీ. ఈ తలతో ఎవరికీ కనపడబాకు. పెరిగేదాకా లోపలే ఉండు."

భరణి మెడ తడుముకుంది. తేలిగ్గా ఉంది. ఆ తేలికే దానికి తెగువ ఇచ్చిందని నా నమ్మకం.

పెరటాసి శనివారాల్లో తిరుపతి మొక్కున్నవాళ్లు నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని, "గోవిందా" అంటూ ఇంటింటా అడిగి, వచ్చినదానితోనే కొండకు పోవడం మా ఆచారం. అలా బయల్దేరిన మనిషికి అడ్డుపడే ధైర్యం ఎవరికీ ఉండదు. భరణి నామం పెట్టుకుంది. జడను పసుపు గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది. ఇత్తడి చెంబు తీసుకుంది.

"కోసింది నువ్వు. ఇచ్చేది నేను. తాళం తియ్యమ్మా."

"ఒంటిదానివి యాడికి పోతావే? వచ్చే ఏడు నేనే పిలుచుకోని పోతా..."

"గోవిందా!" అని అరిచింది భరణి, సందంతా వినపడేటట్టు. కింద మూటలు మోసేవాళ్లు "గోవిందా" అని బదులు పలికారు. ఇక తీయక ఏం చేస్తుంది? ఏడుస్తూ తీసింది. ఆ తల్లి మీద నాకు జాలి లేదనను. కానీ మెచ్చుకోలేను.

పిల్ల గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వీధిలోకి వచ్చింది. సందు మొగన పూలమ్మే రాసాత్తి చెంబులో చిల్లర వేసి దండం పెట్టింది.

"అక్కా, సెంట్రల్ స్టేషన్ ఏ పక్క?" అని అడిగింది భరణి.

రాసాత్తి చేత్తో చూపించింది. నడిచిపోయే దూరమే. ఇంత దగ్గరున్న స్టేషన్ తెలియని పిల్లను ఎగాదిగా చూసి, "ఏ ఊరమ్మా నీది?" అంది వచ్చీరాని తెలుగులో.

"ఈ ఊరే" అంది భరణి.