తప్పంతా సైటుదే

లాయిడ్ క్రెబ్స్ లెక్కలో ఈ భూమ్మీద మనిషన్నవాడు తప్పు చేయడు. తప్పంటూ జరిగితే అది సైటు చేస్తుంది. సైటంటే పిస్తోలు మీద గురి చూసుకోవడానికి ముందొకటి, వెనకొకటి ఉండే బుడిపె. కానీ లాయిడ్ దృష్టిలో సైటు లేని వస్తువే లేదు. రొట్టె మాడితే ఓవెన్‌కి సైటు తప్పింది. పాస్టరు గారి ప్రసంగం భోజనాల వేళ దాటితే మైకుకి సైటు తప్పింది. ఒకసారి కారు వెనక్కి తీస్తూ తనే పక్కింటివాళ్ళ ఉత్తరాల పెట్టెని గుద్దేసి, దిగి, దాని చుట్టూ తిరిగి చూసి, పాపం దీని సైటు తప్పిందని జాలిపడ్డాడు.

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరంతా ఈ మాటకి నవ్వుకునేది. నవ్వలేనిది ఆయన భార్య ఆర్డిత్ ఒక్కతే. ఎందుకంటే ఆయన అస్తమానం మార్చే సైట్లు ఆవిడ పిస్తోలువి. మార్చే చోటు ఆవిడ వంటింటి బల్ల.

గన్ క్లబ్బులో ఆర్డిత్‌కి పెద్ద పేరు. నవంబరు పోటీలో గురి కోసం నిలబెట్టిన ఇనప పళ్ళాలన్నీ టంగుటంగున పడగొట్టి బహుమతి టర్కీ కోడిని ఏటా ఇంటికి తెచ్చేది. నిరుడు తేలేకపోయింది. ఈ వేసవి నుంచి పళ్ళాలు మరీ మొండికేశాయి. ఈసారీ తప్పితే పిస్తోలు ఆడపడుచు నాడీన్‌కిచ్చేసి స్వెట్టర్లు అల్లుకుంటానని ఆవిడ అందరి ముందూ ప్రకటించేసింది. అల్లికలంటే ఆవిడకి పరమ అసహ్యం.

"నీకేమైందని అల్లికలు? సైటు తప్పింది, అంతే," అన్నాడు లాయిడ్. తూటాలు పక్కగదిలో పెట్టొచ్చి, పిస్తోలు పైభాగం ఊడదీసి, గుడ్డ చుట్టి, బల్లకి తగిలించిన వైసు ఇనప దవడల మధ్య బిగించాడు. ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో టకటకా కొడుతుంటే ఆదివారం వంటకానికి బీన్స్ నానబోస్తున్న ఆర్డిత్ తొంగిచూసింది.

"గుండు కుడికి పోతోందన్నావు కదా. మరి ఏది ఎటు జరపాలి?"

"వెనక సైటు ఎడమకి."

"ముందుదో?"

"అది కుడికి."

"మరి దాన్ని ఎడమకి కొడుతున్నావేం?"

లాయిడ్ సుత్తి ఆపాడు. "వైసులో తిరగేసి బిగించాను కదే. ఇక్కడ ఎడమంటే అక్కడ కుడి." అన్నాడే గానీ, ఆయనకీ అనుమానం వచ్చింది. ఇద్దరూ తమ తమ చేతులు చూసుకుంటూ కాసేపు నిలబడ్డారు.

"పోనీ, ముందుదాన్ని ఆకురాయితో అరగదీస్తే?"

"గుండు పైకి పోతుంది."

"తగ్గిస్తే పైకా? పెంచితేనో?"

"కిందికి."

"ఇదేం సైటయ్యా, అచ్చం మీ చెల్లెలే. ఏదంటే దానికి ఎదురు!"

ఆ మాట పూర్తయ్యేలోపు పాత సైటు గాడిలోంచి ఎగిరి మాయమైంది. బల్ల కింద, స్టవ్ వెనక, కుక్క నోట్లో కూడా వెతికారు. దొరకలేదు. ఆదివారం భోజనాల్లో నాడీన్ నోట్లో కటుక్కుమంది.

"వదినా, బీన్స్ వంటకంలో కొత్తగా ఏం గింజ వేశావు?"

"మింగకు! అది మీ అన్నయ్యది!" అని అరిచింది ఆర్డిత్.

పోటీకి ముందు సాధన రోజున నాడీన్ పిస్తోలు మొరాయిస్తే వదినది అడిగి పుచ్చుకుంది. ఒక్క పళ్ళెం మిగిలితే ఒట్టు. ఆర్డిత్‌కి తల తిరిగింది. సైటు మళ్ళీ వంకరపోయిందని లాయిడ్ పొద్దున్నే కదా చెప్పాడు!

"వంకరదానితో అది ఎలా కొట్టింది?"

లాయిడ్ పళ్ళాలకేసి చూశాడు. "నాడీన్ చూపే వంకర. వంకరకీ వంకరకీ సరిపోయింది."

ఆర్డిత్ మొగుడికేసి తేరిపార చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈయన తప్పు మనిషి మీదకి నెట్టడం ఇదే మొదటిసారి. ఇందులో ఏదో ఉంది.

ఇంటికి రాగానే పాత సైట్లు పడేసే కాఫీ డబ్బా బల్ల మీద బోర్లించింది. ఒక్కటీ వంకర లేదు. మొదటిది సన్నగా నల్లగా ఉంది. దాని తర్వాతది తెల్లచుక్కది, కాస్త లావు. ఆ పైన ఆకుపచ్చది, ఇంకా లావు. ఇక ఇప్పుడు పిస్తోలు మీదున్నది గుమ్మడిపండు రంగులో బొద్దుగా వెలిగిపోతోంది. నల్లదాన్ని చేయి చాపి పట్టుకుని తన కళ్ళద్దాల్లోంచి చూసింది. మసక మసకగా, ఉందో లేదో అన్నట్టుంది.

"లాయిడ్, సైట్లు బాగానే ఉన్నాయి. చెడింది నా కళ్ళు. నీకు ముందే తెలుసు కదూ?"

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నీ కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి. కళ్ళద్దాలకి సైటు తప్పిందేమో."

"అవీ ఈ బల్ల మీదే మారుస్తావా?"

"లేదులే. అవి డాక్టరు చేత చేయిద్దాం." లాయిడ్ పని ఇంకొకరి చేతికివ్వడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఆర్డిత్‌కి ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది. అది కనబడకుండా, ముందు వైసు తీసెయ్యమని కసిరింది.

పోటీలో కొత్త కళ్ళద్దాలతో ఆర్డిత్ వరసగా పళ్ళాలు పడగొట్టింది. చివరిది మాత్రం నిలబడింది. టర్కీ నాడీన్‌కి పోయింది. అందరూ లాయిడ్ వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచాడు.

"నోర్ముయ్!" అంది ఆర్డిత్. మొహం వెలిగిపోతోంది. "ఈసారి తప్పు నాది. సైటు గీత గీసినట్టు కనబడింది. చూసి మరీ తప్పాను!"

"అయితే పిస్తోలు ఇచ్చేస్తానన్నావుగా వదినా?" అంది నాడీన్, టర్కీని చంకలో సర్దుకుంటూ.

"ఎవరిస్తారు? పోవే! వచ్చే ఏడు నీ సంగతి చూస్తాను."

లాయిడ్‌కి ఏం చేయాలో తోచలేదు. మనిషి తప్పు చేసింది, పైగా ఒప్పుకుంది, ఆపైన సంతోషంగా ఉంది. ఇలాంటిది ఆయన ఎన్నడూ చూడలేదు. నాడీన్ కారు ఎక్కిపోతున్న టర్కీకేసి చాలాసేపు చూసి, చివరికి తేల్చాడు.

"మన కారు ఎక్కాల్సింది పాపం. దాని సైటు తప్పింది."