మా జట్టును మాకే అప్పగించిన సుమిత్రా టీచర్

సుమిత్రా టీచర్ ఇక లేరు. మొన్న సోమవారం జగిత్యాలలో నేను ఏడో తరగతికి పాఠం చెబుతుండగా మా ప్రధానోపాధ్యాయురాలు తలుపు దగ్గర నిలబడి మెల్లగా ఈ మాట చెప్పారు. ఉట్నూర్‌లో నిద్రలోనే ఆమె గుండె ఆగిపోయిందట.  కిందటి నెలే కొండగట్టు మెట్ల మీద నాకు ఎదురై, నాకన్నా ముందు ఎక్కి, పైనుంచి "ఏం బాయీ, అప్పుడే అలిసిపోయినవా?" అని నవ్విన మనిషి! ఆ ఉత్సాహమూర్తి గతించారంటే మనసు ఒప్పుకోవడానికి చాలా సేపు పట్టింది.

ఆమెను ఎరగనివారి కోసం చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి సంవత్సరాల్లో ఆమె సుల్తానాబాద్‌లో మా బడికి ఉపాధ్యాయినిగా వచ్చారు. ఆమె పుట్టింది ఆదిలాబాద్ జిల్లా ఉత్తరపు అంచున. అందుకే ఆమె తెలుగులో మరాఠీ వాసన ఉండేది. ఆడపిల్లలందరినీ "బాయీ" అని పిలిచేవారు. మా బడిలో అప్పటికే బాలికా సంఘం ఒకటి ఉండేది. తనిఖీ అధికారి వచ్చిన రోజున ప్రార్థనాగీతం పాడటమే దాని పని. ఆమె వచ్చిన వారంలోనే మమ్మల్ని కూర్చోబెట్టి, "మీకేం చేయాలని ఉంది?" అని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. చివరికి ఎవరో "ఆడుకుంటం" అన్నారు. ఆ ఒక్క మాటను ఆమె శిరసావహించారు.

బడి వెనుక ఖాళీ స్థలమంతా సర్కారు తుమ్మ. దాన్ని మేమే నరికి మైదానం చేయాలని నిర్ణయమైంది. మా నాయకురాలు సత్తెమ్మ రైతు బిడ్డ, బడి మొత్తంలో వేగంగా పరుగెత్తేది. మొదటి రోజు ఆమె నడుం మీద చేయి పెట్టుకుని అందరికీ పనులు పురమాయించింది.  మరునాడు టీచర్ సత్తెమ్మ చేతికి నీళ్ల కుండ ఇచ్చి, "ఇయ్యాల నీ పని అందరికి నీళ్లు తాపుడు" అన్నారు. సత్తెమ్మ మూతి ముడుచుకుంది. అయినా సాయంత్రానికి ఎవరి చేతికి ముల్లు గుచ్చుకుందో, ఎవరు పొద్దున తినకుండా వచ్చారో ఆమెకు తెలిసిపోయింది. ఆ తరువాత ఆమె పురమాయింపుల తీరే మారింది. పొద్దున తినని పిల్లను ఎండలో నిలబెట్టలేదు.

ఆ మైదానంలో టీచర్ మాకు ఖోఖో నేర్పారు. ఆ ఆటలో తరిమే జట్టు పిల్లలు రెండు కంబాల మధ్య వరుసగా కూర్చుంటారు. ఒకరు, వరుస దాటకుండా, ఎదుటివారిని తరుముతారు. అలిసినా, ఎదుటివారు వరుస దాటి అటువైపు పోయినా, కూర్చున్న ఒకరి వీపు తట్టి "ఖో" అనాలి. ఆమె లేచి పరుగెడుతుంది, తట్టినవారు ఆమె చోట కూర్చోవాలి. సత్తెమ్మ మాత్రం ఎవరికీ ఖో ఇచ్చేది కాదు. ఊపిరి ఆడనంత వరకు తానే పరుగెత్తేది. ఒకరోజు టీచర్ ఆట ఆపారు.

"ఎందుకియ్యవ్ బాయీ?"

"వీళ్లకిస్తే పట్టరు టీచర్."

"ఇయ్యకపోతే పట్టుడు ఎప్పుడు నేర్సుకుంటరు?"

సత్తెమ్మ తల దించుకుంది. "నాయకత్వమంటే నువ్వు ఉరుకుడు గాదు. నువ్వు కూసున్నంక సుత ఆట నడవాలె. గదీ నాయకత్వం." ఆ మాటలు టీచర్ గట్టిగా అనలేదు. నేను నేత పని చేసే ఇంటి పిల్లను, మగ్గం చప్పుడులో పెరిగినదాన్ని. అంత మెల్లగా అన్న మాట అంత స్పష్టంగా వినబడటం నాకు అదే మొదలు.

మాలో జమీలా అని గాజుల దుకాణం ఖాదర్ మియా కూతురు ఉండేది. పరుగులో వెనుకబడేది గాని, ఎదుటివారి కాళ్లు ఎటు తిరుగుతాయో ఇట్టే పసిగట్టేది. కరీంనగర్‌లో జిల్లా పోటీలు ఖాయమయ్యాక ఆమె తండ్రి పంపనన్నాడు. టీచర్ ఒంటరిగా వెళ్లి బతిమాలలేదు. మా అందరినీ వెంటబెట్టుకుని దుకాణం ముందుకు వెళ్లి, మాట్లాడమని మాకే సైగ చేశారు.

"అరే, గిందరు వచ్చిండ్రేంది?" అన్నాడు ఖాదర్ మియా.

సత్తెమ్మ ముందుకు వచ్చింది. "జమీలా రాకుంటే మేం ఎవ్వలం పోం, చాచా."

"ఒక్క పిల్ల కోసం అందరు ఆగుతరా? క్యా జిద్ హై, ఏం పంతం!" ఆయన టీచర్ వైపు చూశాడు. "పరాయి ఊరు టీచరమ్మా. నాకు ఫికర్ ఉండదా?"

"ఉంటది. గందుకే మీరు సుత మాతో రండ్రి" అన్నారు టీచర్.

ఆయన కాసేపు గాజుల పెట్టెలు సర్దాడు. తరువాత నవ్వేశాడు. ప్రయాణం రోజున జామపండ్ల బుట్టతో అందరికన్నా ముందు బస్సు దగ్గర నిలబడింది ఆయనే.

కరీంనగర్‌లో ఆఖరి పోటీ పట్టణపు జట్టుతో. వాళ్లకు తెల్ల బూట్లు, ఒకే రంగు దుస్తులు. మావి ఉత్త కాళ్లు. చివరి వంతులో వాళ్ల ముగ్గురు పిల్లలను పడితేనే గెలుపు. వారిలో పొడుగాటి పిల్ల ఒకతె పొద్దుటినుంచీ ఎవరికీ చిక్కలేదు. ఏం చేయాలో చెప్పమని టీచర్ చుట్టూ మూగాం.

"నేను చెప్పేది అయిపోయింది బాయీ. ఇగ మీరే మాట్లాడుకోండ్రి" అని ఆమె వెళ్లి ఖాదర్ మియా పక్కన కూర్చున్నారు.

మేం నిర్ఘాంతపోయాం. ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. అప్పుడు సత్తెమ్మ చేయెత్తి అందరినీ ఆపి, "జమీలా, నువ్వు పొద్దుగాలటి సంది సూస్తున్నవు. నువ్వు చెప్పు" అంది.

జమీలా బెరుకుగా అంది: "గా పొడుగు పిల్ల కంబం కాడికి రాంగనే ఎడమకే తిరుగుతది. ఆడ నేను కూసుంట. నువ్వు తరుముకుంట తీస్కరా."

అలాగే చేశాం. ఇద్దరు తొందరగానే దొరికారు. పొడుగు పిల్లను సత్తెమ్మ తరిమింది, నాకు ఖో ఇచ్చింది. నేను కొంతదూరం తరిమి మళ్లీ ఆమెకు ఇచ్చాను. పొడుగు పిల్ల కంబం దగ్గర ఎడమకు తిరిగి వరుస దాటింది. చేయి చాపితే అందేంత దూరం. పట్టాలన్న ఆశతో సత్తెమ్మ వరుస దాటి ఉంటే తప్పయ్యేది. దాటలేదు. జమీలా వీపు తట్టి "ఖో!" అని కేక వేసింది. జమీలా లేచింది, చేయి చాపింది, తాకింది. అంతే! జయజయధ్వానాలతో మైదానం దద్దరిల్లింది. అన్నిటికన్నా పెద్ద గొంతు ఖాదర్ మియాది. "శాబాస్ బేటీ!" అంటూ తల మీది టోపీ తీసి గాలిలోకి విసిరాడు.

బహుమతి అందుకోవడానికి టీచర్‌ను వేదిక మీదికి పిలిచారు. ఆమె కదలలేదు. ఆరోజు ఆడే అవకాశం రాక గీత పక్కన కూర్చున్న పిల్లలను పంపించారు. వాళ్లు ఆ బహుమతి డాలును ఎత్తి పట్టుకున్నప్పుడు ఆమె కళ్లలో చూసిన ఆనందం అనుపమానం.

తరువాత ఆమె కోరి ఉట్నూర్‌కు బదిలీ చేయించుకున్నారు. అడవి గూడేల ఆడపిల్లలతో అక్కడా సంఘం కట్టారు. సత్తెమ్మ నర్సయింది, జమీలా కరీంనగర్‌లో కాపురం చేస్తూ పేట పిల్లలకు చదువు చెబుతోంది, నేను పంతులమ్మనయ్యాను.

సోమవారం సాయంత్రం నేను ఉట్నూర్ చేరేసరికి దహనం అయిపోయింది. బడి ఆవరణలో సంతాప సభ జరుగుతోంది. మరునాడు నిర్మల్‌లో ఆమె సంఘం పిల్లలకు ఖోఖో పోటీ ఉందని, దుఃఖసమయం గనుక విరమించుకుంటున్నామని ఒక పెద్దమనిషి ప్రకటించారు. అప్పుడు జంగుబాయి అనే గోండు పిల్ల లేచి నిలబడింది. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం వణకలేదు.

"సారూ, మేం అందరం కూసొని మాట్లాడుకున్నం. మేం పోతం."

"ఇప్పుడెట్ల పోతరు బిడ్డా? మిమ్ముల నడిపేటోళ్లు ఏరి?"

"మేమే ఉన్నం గద సారూ."

 తెల్లవారి జీపులో కిక్కిరిసి కూర్చుని వాళ్లు నిర్మల్ వెళ్లారు. నేను సెలవు పెట్టి అక్కడే ఆగిపోయాను. పొద్దు వాలుతుండగా, ఇంకా జీపు కనబడకముందే, మలుపు అవతలి నుంచి వాళ్ల కేకలు వినబడ్డాయి. గెలిచారు.

గురువుగారూ, మీ వంటివారు మాకు మళ్లీ దొరకరు. ఆ లోటు తీరేది కాదు. అయినా ఆ సాయంత్రం ఉట్నూర్ బాట మీద నిలబడి నేను ఏడవలేదు. ఆ పిల్లలతో కలిసి చప్పట్లు కొట్టాను.